"అర్థమైంది సార్" అంటరు, లెక్క ఇస్తే పెన్ను కదలదు: ఫోన్ క్లాసుల పిల్లలను ఎట్ల పట్టుకోవాలె?

లెక్కల_సారు_దేవరకొండ | నవంబర్ 10, రాత్రి 9:40

అందరికీ నమస్తే. దేవరకొండ దిక్కు ఒక సర్కారు హైస్కూల్ల గణితం స్కూల్ అసిస్టెంట్‌ను. టెన్త్ పిల్లలకు రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిదింబావు దాక ఫోన్ల క్లాసు చెప్తున్న. పైసలు గియిసలు ఏం లేవు, నా అంతట నేను నెత్తికెత్తుకున్న పని. మొత్తం 14 మంది, సగం తండాల పిల్లలే. సాయంత్రం స్పెషల్ క్లాసుకు ఉండమంటే బస్సు పోతదని ఉరుకుతరు. పత్తి ఏరే రోజుల్ల అయితే కొందరు బడికే రారు. అందుకే ఫోన్ పట్టిన.

నిన్న జరిగింది చెప్త. శ్రేఢులు (ఒకే తేడాతోని పోయే సంఖ్యల వరుసలు) నడుస్తున్నయి. నలభై నిమిషాలు చెప్పిన, స్క్రీన్ మీద రాసుకుంట, రంగులు మార్చుకుంట, నాకే ముచ్చటేసింది. అర్థమైందా అంటే అందరూ "అయింది సార్". ఆఖర్ల ఒక్క లెక్క ఇచ్చిన: 5, 9, 13... ఇట్ల 101 దాక పోతే మొత్తం ఎన్ని పదాలు? ఐదు నిమిషాలు టైమిచ్చి, ఫోటో తీసి గ్రూపుల పెట్టమన్న. పెట్టింది ఆరుగురు. అండ్ల నలుగురిది ఒకటే ఫోటో. ఎట్ల తెల్సిందంటే, నాలుగిట్ల మూలకు అదే బొటనవేలు, దానికి అదే ఇంకు మరక. ఆ ఆరుగురు రాసిన జవాబు 24. అసలు జవాబు 25.

బడిల అయితే బెంచీల నడుమ తిరుగుత. పెన్ను ఆగిన కాడ నేనూ ఆగుత. ఇక్కడ తిరిగేదెట్ల? నాకు నా మొహమే కనబడ్తది, చుట్టూ పద్నాలుగు నల్ల డబ్బాలు. చేసి చూసినోళ్లు ఉంటే చెప్పుండ్రి. "పాఠం ఆసక్తికరంగా ఉండాలి" లాంటివి వద్దు, ట్రైనింగులల్ల మస్తు విన్న.

---

కోచింగ్_అన్న_మిర్యాలగూడ | నవంబర్ 10, రాత్రి 10:05

సారూ, తప్పుగ అనుకోకుండ్రి. ఇంత పరేషాన్ అవసరం లేదు. పాఠం ఒక్కసారి రికార్డు చేసి గ్రూపుల పడేయుండ్రి. రోజు 20 బిట్లతోని టెస్టు పెట్టుండ్రి. చదివేటోడు చదువుతడు, చదవనోడు మీరు బెంచీల నడుమ తిరిగినా చదవడు. పదకొండేండ్ల సంది ఇంటర్, ఎంసెట్ పిల్లలకు చెప్తున్న. చెయ్యి పట్టుకోని నడిపిస్తే పరీక్ష హాల్ల ఎవలు పట్టుకుంటరు?

---

బత్తాయి_తోట | నవంబర్ 10, రాత్రి 10:31

నేను టీచర్ను కాదు, నల్లగొండ దగ్గర బత్తాయి రైతును. నా బిడ్డ టెన్త్ గాబట్టి ఈ గ్రూపుల ఉన్న. సారు ఇచ్చిన లెక్క చూసి నవ్వొచ్చింది. ఇదే తప్పు నేను తోట పెట్టేటప్పుడు చేసిన. వంద అడుగుల వరుస, ఇరవై అడుగులకొక చెట్టు. వందను ఇరవైతోని కొట్టి, వరుసకు ఐదు మొక్కల లెక్కన నర్సరీ నుంచి తెచ్చిన. గుంతలు తీసే ముసలాయన కట్టె పట్టుకోని నిలబడి, "ఆరో గుంతల ఏం పెడ్తవ్ పటేలా, నీ తలకాయనా?" అన్నడు. ఆయన ఒక్కనాడు బడికి పోయిన మనిషి కాదు.

మీ పిల్లలకు గుంతలు తీయిపిస్తే 25 వస్తది సార్.

---

విశ్రాంత_హెచ్చెం_వనపర్తి | నవంబర్ 11, ఉదయం 6:12

ఆ ముసలాయన చేసినదే అసలు బోధన. జవాబు చెప్పలేదు, "తప్పు" అనీ అనలేదు. మీరు ఏ చోట తప్పారో ఆ గుంత దగ్గర నిలబెట్టి ఒక ప్రశ్న వేశాడు. (తలకాయ మాట మాత్రం తరగతి గదిలో వద్దు.)

దేవరకొండ సారుకు ఒక మాట. పాఠం మూడు అంచెల్లో నడవాలని మా ట్రైనింగుల్లో చెప్పేవారు. ముందు "నేను చేస్తా, చూడు". తర్వాత "మనం కలిసి చేద్దాం". చివర "నువ్వు చెయ్యి". పియర్సన్, గాలఘర్ అనే ఇద్దరు 1983లో చదవడం నేర్పే విషయంలో రాసిన దాన్ని తర్వాతి వాళ్లు ఇలా చిన్న మాటల్లోకి తెచ్చారు. భారం టీచరు భుజం మీద నుంచి పిల్లవాడి భుజం మీదికి కొద్దికొద్దిగా మారాలి, ఒక్కసారి ధబీమని పడకూడదు. ఇప్పుడు మీ క్లాసు చూడండి. నలభై నిమిషాలు "నేను", ఐదు నిమిషాలు "నువ్వు". నడుమ "మనం" ఏది సార్? బడిలో ఆ "మనం" మీకు తెలియకుండానే జరిగిపోతుంది, బెంచీల మధ్య తిరగడమే అది. ఫోన్‌లో దానంతట అది జరగదు, మనమే దానికి టైం కేటాయించాలి.

2020 సెప్టెంబరు 1 నుంచి టీశాట్‌లో (ప్రభుత్వ విద్యా చానల్), దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలైనప్పుడు నేను సర్వీసులోనే ఉన్నాను. పాఠాలు మంచివే, చెప్పినవాళ్లు మంచి టీచర్లే. కానీ టీవీకి పిల్లవాడి పలక కనబడదు కదా. అందుకే మేము మాస్కులు కట్టుకుని ఊళ్లో ఇంటింటికీ తిరిగాం. ఒక ఇంట్లో పిల్లవాడు టీవీ ముందు బుద్ధిగా కూర్చున్నాడు, ఒళ్లో నోటుబుక్కు ఉంది. తెరిచి చూస్తే ఆ రోజు పాఠం అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాడు. టీచరు మధ్యలో "ఇప్పుడు ఒక చిన్న విరామం" అన్నది కూడా రాశాడు.

---

పాలమూరు_అక్క | నవంబర్ 11, ఉదయం 9:20

పెద్దసారు చెప్పింది చదివితే నవ్వూ ఏడుపూ రెండూ వచ్చినయి. మా బిడ్డ ఎనిమిదో తరగతి. మహబూబ్‌నగర్‌ల ఉంటం. ఇంట్ల ఒకటే పెద్ద ఫోను, మా ఆయన ఆటోల పెట్టుకోని పోతడు. రాత్రి ఎనిమిదికి ఇంటికొస్తే అప్పుడు దాని చేతికొస్తది. అప్పటికి ఛార్జింగ్ ఉండది. వీడియో పెట్టుకోని చూస్తది, "అయిపోయిందమ్మా" అంటది. నేను ఏడో తరగతి దాక చదివిన. దానికి వచ్చిందో రాలేదో నాకెట్ల తెలుస్తది? ట్యూషన్ పెట్టే తాహతు లేదు. నాలాంటోళ్లు ఏం చెయ్యాలె, ఎవరన్న జర చెప్పుండ్రి.

---

నల్లమల_టీచర్ | నవంబర్ 11, మధ్యాహ్నం 1:45

అక్కా, మీకు లెక్క రాకపోవుడే మంచిదయింది. ఎందుకో ఆఖరికి చెప్త.

నేను అమ్రాబాద్ దిక్కు పని చేస్త. మా దగ్గర వీడియో క్లాసు అంటే కోతులు కూడ నవ్వుతయి. సిగ్నల్ కావాల్నంటే గుట్ట మీద నీళ్ల ట్యాంకు కాడికి పోవాలె. కొన్ని ఇండ్లల్ల బటన్ ఫోన్లే. సెలవుల్ల నేను చేసేది ఒక్కటే, ఫోన్ చేసి లెక్క చేయిపిచ్చుడు. ఒక్కొక్కలకు పది నిమిషాలు. కెమెరా లేదు గాబట్టి ఒకటే షరతు పెట్టిన: "రాసేది నోటితోని చదువుకుంట రాయి". మొదటి రెండు రోజులు సిగ్గుపడ్తరు. మూడో రోజుకు అలవాటైతది.

దేవరకొండ సారు లెక్కనే పొద్దుగాల మా పిల్ల ఒకామెకు ఇచ్చిన. జరిగింది జరిగినట్టు రాస్తున్న:

పిల్ల: ఐదు, తొమ్మిది, పదమూడు. తేడా నాలుగు సార్.
నేను: ఊఁ.
పిల్ల: నూటొకటి దాక పోవాలె. నూటొకట్లకెంచి ఐదు తీసేస్తే తొంభై ఆరు.
నేను: తొంభై ఆరు అంటే ఏంది?
పిల్ల: అంటే... దూరం సార్.
నేను: ఒక్క అడుగు ఎంత?
పిల్ల: నాలుగు. ఇరవై నాలుగు అడుగులు. ఇరవై నాలుగు సార్!
నేను: (ఏం మాట్లాడలే)
పిల్ల: కాదా సార్?
నేను: (మళ్ల ఏం మాట్లాడలే. గిది మస్తు కష్టం.)
పిల్ల: హలో సార్, ఉన్నరా?
నేను: ఉన్న. మూడు సంఖ్యలే ఉన్నయనుకో. 5, 9, 13. అడుగులెన్ని?
పిల్ల: రెండు.
నేను: సంఖ్యలు?
పిల్ల: మూడు. ...అయ్యో. ఇరవై ఐదు సార్, ఇరవై ఐదు.

ఆరు నిమిషాలు పట్టింది. నేను చెప్పిన మాటలు లెక్కపెడితే ఇరవై దాటవు. "ఒకటి కలుపు" అని మొదలే చెప్తే అర నిమిషంల అయిపోవు. కని రేపు ఇంకో లెక్కల ఎక్కడ కలపాలె, ఎక్కడ కలపొద్దు అనేది ఆమెకు తెల్వకపోవు.

ఇగ అక్క ముచ్చట. రాత్రి వీడియో అయినంక ఫోను మూసి, నోటుబుక్కు మీ ముందట పెట్టమనుండ్రి. "నాకు రాదు బిడ్డా, నాకు చెప్పు" అనుండ్రి. ప్రతి మెట్టు కాడ "ఎందుకట్ల?" అని ఒక్కటే అడుగుండ్రి. మీకు రాదని దానికి తెల్సు గాబట్టి మిమ్మల్ని మోసం చేయలేదు, పూర్తిగ చెప్పాల్సిందే. చెప్పుకుంట చెప్పుకుంట ఎక్కడ నసుగుతదో అక్కడ పెన్సిల్‌తోని గీత గీసి పెట్టుండ్రి. పొద్దున బడిల ఆ గీత టీచరుకు చూపియ్యమనుండ్రి. గంతే. పైస ఖర్చు లేదు.

---

విశ్రాంత_హెచ్చెం_వనపర్తి | నవంబర్ 11, మధ్యాహ్నం 2:30

"ఏం మాట్లాడలే" అన్న చోట నేను లేచి చప్పట్లు కొట్టాను, మా ఇంటావిడ ఏమైందని వచ్చింది.

మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు తరగతి గదుల్లో టేపు రికార్డర్లు పెట్టి విన్నారు, డెబ్బైలలో. టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను ఆగుతున్నారట! ఆ వెంటనే వాళ్లే జవాబు చెప్పడమో, ఇంకొకరిని అడగడమో. అదే 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయి, మౌనంగా ఉండేవాళ్లు కూడా నోరు విప్పుతారు అని తేల్చారు. ఆన్‌లైన్‌లో మూడు చాలవు. గొంతు చేరడానికి కొంత, మ్యూటు తీయడానికి కొంత. నేనైతే పది అంటాను. మనసులో పది లెక్కపెట్టండి, వేళ్ల మీద కూడా పెట్టుకోండి.

---

కోచింగ్_అన్న_మిర్యాలగూడ | నవంబర్ 11, రాత్రి 8:50

అంతా బాగనే ఉన్నది. ఒక్క పిల్లకు ఆరు నిమిషాలంటే 14 మందికి ఎంత? 84 నిమిషాలు, ఒక్క లెక్కకు! సిలబస్ ఎప్పుడైతది, మార్చిల పరీక్షలు. ఆదర్శాలు చెప్పుడు అల్కగ ఉంటది.

---

లెక్కల_సారు_దేవరకొండ | నవంబర్ 11, రాత్రి 9:15

మిర్యాలగూడ అన్న అడిగింది నాకూ గుచ్చుకుంటున్నది. నల్లమల సారు, మీ పద్ధతి చదివి నిజంగ సిగ్గయింది, నలభై నిమిషాలల్ల నేను ఒక్కసారి కూడ ఆగలే. కని 14 మందికి ఎట్ల పంచాలె? పైగ నోటుబుక్కు కనబడకుంటె బొటనవేలు గ్యాంగును పట్టుకునేదెట్ల?

---

నిర్వాహకులు | నవంబర్ 11, రాత్రి 9:22

మంచి చర్చ. చిన్న మనవి: పిల్లల పేర్లు, ఫోటోలు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి. ఇందాక ఒకరు నోటుబుక్కు ఫోటో పెట్టారు, అట్టమీద పేరు, బడి కనిపిస్తున్నాయని తీసేశాం. ఏమీ అనుకోవద్దు.

---

బీఎడ్_చెల్లె_నాగర్‌కర్నూల్ | నవంబర్ 11, రాత్రి 10:10

సార్, నేను చిన్నదాన్ని, తప్పుంటే చెప్పుండ్రి. బీఎడ్ చదువుకుంట మా వీధి పిల్లలు తొమ్మిది మందికి ఆన్‌లైన్ల చెప్తున్న (వాళ్ల అమ్మానాయినలు పనికోసం పుణె పోయిండ్రు, పిల్లలు ముసలోళ్ల దగ్గర ఉంటరు. నేను హాస్టల్ల, వాళ్లు ఊర్ల).

నోటుబుక్కు కనబడనీకి ఉపాయం ఉన్నది. మొహం కాడ ఫోన్ పెట్టుకోవద్దని చెప్పిన. స్టీలు డబ్బా ఒకటి బోర్లించి, దాని మీద ఫోను పడుకోబెట్టాలె, స్క్రీను పైకి. వెనక కెమెరా ఉన్న మూల మాత్రం డబ్బా అంచు దాటి బయటికి రావాలె. కింద నోటుబుక్కు. అంతే, పెన్ను కదులుడు సాఫ్‌గ కనబడ్తది. ఫోన్ పడకుండ అవుతలి కొసకు ఏదన్న బరువు, మా పిల్లలు ఉప్పు పాకిట్ పెడ్తరు. ఇంట్ల మొహం చూపియ్యనీకి సిగ్గుపడే పిల్లలుంటరు సార్, వెనక గోడ, గుడ్డల మూట కనబడ్తదని. నోటుబుక్కు చూపియ్యనీకి ఎవరూ సిగ్గుపడరు. కెమెరా పెట్టమంటే పెట్టనోళ్లు కూడ పెట్టిండ్రు.

14 మందిని ఒక్కసారి కూసోబెట్టకుండ్రి. నలుగురు, నలుగురు, ముగ్గురు, ముగ్గురు. నాలుగు నోటుబుక్కులైతే ఫోన్ స్క్రీన్ మీదనే ఒక చూపుల పడ్తయి. పాఠం విడిగ ఆరేడు నిమిషాల వీడియో చేసి ముందే పంపుండ్రి, వచ్చినప్పుడు "మనం" మాత్రమే. ఉచిత అకౌంటుకు జూమ్ 40 నిమిషాలకు కట్ అయితది, గూగుల్ మీట్ గంట దాక ఇస్తది. రెండు బ్యాచులకు ఒక్కటే లింకు సరిపోతది.

---

గద్వాల_ఇంజినీర్ | నవంబర్ 12, ఉదయం 7:55

చెల్లె చెప్పిన డబ్బా ఉపాయం సూపర్.

కోచింగ్ అన్నకు నా ముచ్చట చెప్త, ఎందుకంటే నేను అన్న చెప్పే "చదివేటోడు" లిస్టుల ఉంటిని. బీటెక్‌ల ఎన్‌పీటీఎల్ (ఐఐటీలోళ్ల ఆన్‌లైన్ పాఠాలు) కోర్సు పట్టిన. 12 వారాలు, ఐఐటీ ప్రొఫెసర్, వీడియోలు ఖతర్నాక్. వారం వారం అసైన్‌మెంట్లు, వాటికి 25 శాతం, ఆఖరి పరీక్షకు 75 శాతం. మొదటిసారి ఐదో వారంల మునిగిన. తెల్వక కాదు. ఒక్క మెట్టు కాడ ఇరుక్కున్న, అడిగితే జవాబు వచ్చేసరికి ఇంకో వారం పాఠం నెత్తి మీద పడ్డది. మళ్ల సెమిస్టర్ల అదే కోర్సు, అవే వీడియోలు, హాస్టల్ల ఐదుగురం కూడుకున్నం. సీనియర్ ఒకాయన శనివారం రాత్రి వచ్చి కూసునేటోడు. ఆయన చెప్పింది ఏం లేదు, "నువ్వు చేసింది చూపియ్యి" అనేటోడు. ఐదుగురం పాసయినం. వీడియో మారలే అన్నా, ఇరుక్కున్న కాడ ఒక మనిషి దొరికిండు.

---

కోచింగ్_అన్న_మిర్యాలగూడ | నవంబర్ 12, ఉదయం 10:40

సరే తమ్మీ, మనిషి ఉండాలె, ఒప్పుకుంట. కని నా అనుభవం కూడ ఉత్తది కాదు. మా దగ్గర మంచి ర్యాంకు పిల్లలకు మెట్టు మెట్టుకు సూచన ఇస్తే చిరాకు పడ్తరు. "సార్ నన్ను చేయనీయుండ్రి" అంటరు. వాళ్లకు అన్నం కలిపి పెడితే అరగదు. దీనికేమంటరు?

---

విశ్రాంత_హెచ్చెం_వనపర్తి | నవంబర్ 12, ఉదయం 11:30

అంటాం, మీరు అన్నది నూటికి నూరుపాళ్లు నిజం అంటాం. కొత్తగా నేర్చుకునేవాడికి, వచ్చినవాడికి ఒకే మందు పనిచేయదు. 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అని ముగ్గురు ఒక వ్యాసం రాశారు, పెద్ద గొడవే అయింది దానిమీద. కొత్తవాడిని "నువ్వే కనుక్కో" అని వదిలేస్తే వాడి బుర్రలో ఉన్న కాస్త చోటూ వెతుకులాటకే అయిపోతుంది, నేర్చుకోవడానికి మిగలదు అని వాళ్ల వాదన. అందుకే ముందు చేసి చూపించిన లెక్క కావాలి. కానీ అదే పరిశోధకుల బృందాల్లోనే ఇంకో సంగతీ తేలింది: విషయం పట్టుబడిన వాడికి అదే సాయం అడ్డు తగులుతుంది. మీ ర్యాంకు పిల్లల చిరాకు అదే.

పాత సంగతి ఒకటి. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ చెక్క ముక్కలతో చిన్న పిల్లల చేత గోపురం కట్టించారు, మూడు నుంచి ఐదేళ్ల వాళ్లు. పక్కన ఒక టీచరు. ఆమె పని ఏమిటంటే, పిల్లవాడు చేయగలిగినంత చేయనిచ్చి చేయలేని చోట మాత్రమే చెయ్యి వేయడం. మూడేళ్లవాళ్ల దృష్టిని ముక్కల మీదికి లాగడమే పెద్ద పని అయింది, ఐదేళ్లవాళ్లు కట్టింది సరిగా ఉందా అని చూపించుకోవడానికే ఆమె దగ్గరికి వచ్చారు. దీనికే వాళ్లు ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజి పేరు పెట్టారు. స్లాబు పోసిన రోజే పరంజి పీకితే ఇల్లు కూలుతుంది. గృహప్రవేశం అయ్యాక కూడా పీకకపోతే తలుపు తెరుచుకోదు.

కాబట్టి మిర్యాలగూడ అన్నా, మీరు పరంజి పీకాల్సిన పిల్లలకు చెబుతున్నారు, దేవరకొండ సారు కట్టాల్సిన పిల్లలకు. తగువేం లేదు.

---

కోచింగ్_అన్న_మిర్యాలగూడ | నవంబర్ 12, ఉదయం 11:52

పెద్దసారు మాట్లాడితే కొట్లాట కూడ పాఠమైతది 😄 సరే, ఒప్పుకున్న. మా దగ్గర ఉన్నది ఒకటి చెప్త, పనికొస్తే తీసుకోండ్రి. బ్రిడ్జ్ క్లాసుల్ల "సగం లెక్క" అని ఇస్తం. మొదటి లెక్క మొత్తం చేసి ఉంటది. రెండోదాంట్ల ఆఖరి మెట్టు ఖాళీ. మూడోదాంట్ల ఆఖరి రెండు మెట్లు. ఇట్ల ఎనక నుంచి తీసుకుంట వస్తే ఐదో లెక్కకు కాయితం మొత్తం ఖాళీ. పిల్లలకు సోయి కూడ ఉండదు ఎప్పుడు తీసేసినమో. దీనికి మీరు పక్కన ఉండే పని లేదు. ఒక బ్యాచు మీతో ఉన్నప్పుడు మిగిలిన బ్యాచులు ఇది చేస్తయి. 84 నిమిషాల లెక్క నేనే చెప్పిన గాబట్టి నేనే కొట్టేస్తున్న.

---

ఓపెన్_డిగ్రీ_41 | నవంబర్ 12, రాత్రి 11:15

రైసు మిల్లుల గుమస్తాను. 41 ఏండ్లకు అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీల డిగ్రీ చదువుతున్న. దేశంల మొదటి ఓపెన్ యూనివర్సిటీ అది, 1982ల పెట్టిండ్రు, అప్పటికి నేను పుట్టనే లేదు. పుస్తకాలు ఇంటికొస్తయి, వీడియోలు ఫోన్ల ఉన్నయి. అయినా నేను స్టడీ సెంటర్ల క్లాసు ఒక్కటి ఇడిసిపెట్టను. ఎందుకంటే అక్కడ ఎకనామిక్స్ సారు నా కాపీ తీసుకోని "ఇక్కడ గీత ఎందుకు ఇట్ల గీసినవ్?" అన్నడు. నాలుగు నెలలు ఒక్కన్నే చదివి ఆ గీత ఉల్టా గీస్తున్న, నాకే తెల్వదు. ఒంటరిగ చదివేటోనికి అదే బాధ, తప్పు చేస్తున్నప్పుడు కూడ ధైర్యంగనే ఉంటడు.

పిల్లలే కాదు సార్, మాకు కూడ అంతే. రేపు ఐదింటికి లోడ్ ఉన్నది, ఉంట.

---

పాలమూరు_అక్క | నవంబర్ 16, రాత్రి 9:30

నల్లమల సారు చెప్పినట్టు నాలుగు రోజులు చేసిన. మొదటి రోజు "నీకేం తెల్వదమ్మా, ఊకే ఎందుకు అడుగుతవ్" అని గుస్స అయింది. నేను రొట్టెలు చేసుకుంట, "తెల్వదు గనకనే అడుగుతున్న" అన్న. భిన్నాలు చెప్పింది. 3/4లకెంచి 1/6 తీసేయాలె అన్నది. కింద ఉన్నవి 12 చెయ్యాలె అన్నది. ఎందుకట్ల అన్న. "సార్ అట్లనే చెప్పిండు." ఎందుకు చెప్పిండు అన్న. సప్పుడు లేదు. అప్పుడు పొయ్యి మీది జొన్న రొట్టె తీసి ముందట పెట్టిన. నాలుగు ముక్కలల్ల మూడు తీసుకో, అండ్లకెంచి మొత్తం రొట్టెల ఆరోవంతు ఎంతనో అంత నాకియ్యి అన్న. చాకు పట్టుకోని చూస్తనే ఉన్నది, చూస్తనే ఉన్నది. రొట్టెను 12 ముక్కలు చేసింది. తొమ్మిది తీసుకున్నది, అండ్ల రెండు నాకిచ్చింది. ఏడు మిగిలినయి.

నాకు లెక్క వచ్చిందా రాలేదా తెల్వదు గని, ఏడింటిని పన్నెండు మీద రాయాలె అని అది అన్నది. కరెక్టేనా సార్?

---

నల్లమల_టీచర్ | నవంబర్ 16, రాత్రి 9:41

7/12. కరెక్టే అక్కా. నా బీఎడ్ సర్టిఫికెట్ మీకే ఇచ్చేస్త.

---

బత్తాయి_తోట | నవంబర్ 16, రాత్రి 9:44

ఆ ఏడు ముక్కలు ఎవలు తిన్నరు అక్కా?

---

పాలమూరు_అక్క | నవంబర్ 16, రాత్రి 9:50

ఇంకెవలు, ఆటో తోలొచ్చినాయన. లెక్క చెప్తేనే పెడ్తం అన్నం, ఆయనా చెప్పలే, అయినా పెట్టినం 😄

---

లెక్కల_సారు_దేవరకొండ | డిసెంబర్ 4, రాత్రి 9:55

మూడు వారాలయింది, ఏమైందో చెప్తున్న.

నాలుగు బ్యాచులు చేసిన. సోమ, గురువారాలు రెండు బ్యాచులు, మంగళ, శుక్రవారాలు రెండు. ఒక్కో బ్యాచుకు ఇరవై నిమిషాలు. ఆరు నిమిషాల వీడియో పొద్దున్నే గ్రూపుల పెడ్తున్న, అండ్ల ఒకటే లెక్క, పూర్తిగ చేసి. నేను గొంతు పెంచి పాఠం చెప్పుడు బంద్ చేసిన. మిర్యాలగూడ అన్న సగం లెక్కల కాయితాలు బడిలనే పంచుతున్న.

అన్నీ సక్కగ కాలే. ఇద్దరు మానేసిండ్రు. ఒకడు పత్తి మిల్లుకు పోతున్నడు, ఇంటికి పోయి వాళ్ల నాయినతోని మాట్లాడిన, ఆయన తల అడ్డంగ ఊపిండు. ఇంకొకామె ఫోన్ పలిగింది. డబ్బాలు నిలబెట్టుడు మొదటి వారం పెద్ద సర్కసే, ఒకని ఫోన్ పప్పుల పడ్డది. ఇగ నా మౌనం... నల్లమల సారు, పది సెకన్లు ఆగుడు ఎంత కష్టమో ఇప్పుడు తెల్సింది. ఆరో సెకనుకు నోట్ల మాట వచ్చేస్తది. నాలికె కొరుక్కుంటున్న.

నోటుబుక్కులు కనబడినంక ఒక సంగతి తెల్సింది. నేను శ్రేఢులు రావు అనుకున్న పిల్లలల్ల ఐదుగురికి అసలు శ్రేఢులతోని బాధనే లేదు. తొంభై ఆరును నాలుగుతోని భాగించే కాడ పెన్ను ఆగుతున్నది. నలభై నిమిషాలు రంగు రంగులల్ల సూత్రం చెప్పుకుంట కూసున్న, వాళ్లకు కావాల్సింది నాలుగో ఎక్కం. ఈ ముచ్చట వాళ్లు నాకు చెప్పరు, టెన్త్‌ల ఎక్కం రాదంటే ఇజ్జత్ పోతది గద. పెన్ను చెప్పింది. ఇప్పుడు ఆ ఐదుగురిని ఒక్క బ్యాచుల పెట్టి మొదటి ఐదు నిమిషాలు ఎక్కాలు నడిపిస్తున్న, "నాకు మరుపొస్తున్నది, నాతోని చదువుండ్రి" అని చెప్పి.

బొటనవేలు గ్యాంగుది కూడ తేలింది. ఇంకు మరక ఎవనిదో తెల్సింది, వాడు మంచిగనే చేస్తడు. మిగిలిన ముగ్గురిని వాని బ్యాచులనే పెట్టిన. "నువ్వు ఫోటో పంపొద్దు, ప్రశ్న పంపు" అని వానికి చెప్పిన. నిన్న వాడు ముగ్గురికి పెట్టిన మెసేజ్: "చెట్లెన్ని, సందులెన్ని?" బత్తాయి అన్నా, మీ గుంతల కథ చెప్పిన వాళ్లకు.

మాట్లాడని పిల్ల ఒకామె ఉండె, మూడు నెలల్ల క్లాసుల గొంతు విన్లే. ఇయ్యాల లెక్క నడుమ ఆగింది. నేను ఎనిమిది దాక లెక్కపెట్టిన, ఆగలేక "చూడమ్మా" అని మొదలువెట్టిన. మ్యూటు తీసి "ఆగుండ్రి సార్, చెప్పకుండ్రి" అన్నది.

---

కోచింగ్_అన్న_మిర్యాలగూడ | డిసెంబర్ 4, రాత్రి 10:08

పరంజి పీకే టైం వచ్చింది సారూ.

---

బత్తాయి_తోట | డిసెంబర్ 5, ఉదయం 6:30

మా ఇంట్ల కూడ డబ్బా పెట్టిన. సగం పేజీనే కనబడ్తున్నది. డబ్బా ఎంత ఎత్తు ఉండాలె చెల్లె?

---

బీఎడ్_చెల్లె_నాగర్‌కర్నూల్ | డిసెంబర్ 5, ఉదయం 8:05

అన్నా, జానెడు చాలదు, జానెడున్నర. చిన్న డబ్బా అయితే కింద రెండు పుస్తకాలు పెట్టుండ్రి. లైటు పిల్ల ఎడమ దిక్కు ఉండాలె, లేకుంటె చెయ్యి నీడ లెక్క మీద పడ్తది. ఉప్పు పాకిట్ మరువకుండ్రి.